శ్రావణంలో మాయమైన గుండెనొప్పులు

నేను స్టీరింగ్ పట్టుకున్నానంటే బ్యారేజీ మీద లారీలు వాటంతట అవే పక్కకి జరిగేవి. ధవళేశ్వరంలో హారన్ కొడితే రాజమండ్రిలో ఆసుపత్రి గేటు తెరుచుకునేది. నా బండి ఎక్కిన మనిషి దారిలో ప్రాణం విడవడమన్నది నా సర్వీసులోనే లేదు.

ఇలా మొదలుపెడితే తప్ప మా వీధి అరుగు మీద నా మాట ఎవరూ వినరు. మీరు డబ్బు పెట్టి పుస్తకం కొనుక్కున్నవాళ్ళు కనక సరిచేసి చెబుతాను. లారీలు జరిగేవి కావు, వాటి వెనక నేనే పాకుతూ వెళ్ళేవాణ్ణి. నా హారన్ ఎదురుగా నిలబడ్డ గేదెకే వినపడేది కాదు. ప్రాణాల సంగతంటారా, ఆ మాట మొత్తంగా వెనక్కి తీసుకుంటున్నాను.

ఆత్రేయపురానికి కాస్త ఇవతల, కాలవ గట్టు పక్కన ఉండే ఓ ప్రభుత్వ ఆసుపత్రిలో అంబులెన్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఈ ఉద్యోగాల్లోకి వస్తున్న కుర్రాళ్ళకి బండిలోనే సగం ఆసుపత్రి ఉంటుంది. నా బండిలో ఒక స్ట్రెచర్, ఒక ఆక్సిజన్ సిలిండరు, సీటు కింద ఒక రాయి ఉండేవి. రాయి ఎందుకంటే హ్యాండ్ బ్రేకు పట్టేది కాదు. ఫోన్ చేస్తే వచ్చే కొత్త అంబులెన్సులు అప్పటికే తిరుగుతున్నాయి గానీ అవి ఇంకో కేసు మీద దూరం వెళ్ళినప్పుడు జనానికి నా పాత బండే దిక్కు.

స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడాది మాట ఇది. టీవీల్లో రోజంతా ముక్కులకి గుడ్డలు కట్టుకున్న మనుషులే. బస్సులో ఎవరైనా తుమ్మితే చుట్టుపక్కల సీట్లు ఖాళీ అయ్యేవి. మెడికల్ షాపుల్లో మాస్కులు అయిపోతే మా ఊరి దర్జీ లంగా గుడ్డతో కుట్టి అమ్మాడు. మా ఆసుపత్రి పరిధిలో అనుమానం కేసు ఒకటే వచ్చింది. పుణేలో చదువుకుంటున్న కుర్రాడొకడు జ్వరంతో ఇంటికొస్తే, నేనే తీసుకెళ్ళి పెద్దాసుపత్రిలో దింపాను. ఉత్త జ్వరమేనని తేలింది. వాడు తిరిగొచ్చి మామిడితాండ్ర తింటూ ఊరంతా తిరిగాడు. మేం భయపడినంత జబ్బు మా మండలానికి రానే లేదు.

కానీ ఆ శ్రావణమాసంలో ఇంకో విచిత్రం జరిగింది. జబ్బు రాకపోతే పోయింది, ఉన్న జబ్బులు కూడా మాయమయ్యాయి. మామూలుగా అయితే వానలు పడ్డాక నాకు తీరికుండదు. గట్టు మీద జారి నడుం విరగ్గొట్టుకున్నవాళ్ళు, చేలో పాము కరిచినవాళ్ళు, ఆయాసాలు, గుండెనొప్పులు, కాన్పులు. అలాంటిది ఆ నెల నా బండికి పిలుపే లేదు. టైరు కింద గడ్డి మొలిచిందంటే నమ్మండి. నమ్మకండి, మొలవలేదు. కానీ ఓ పిల్లి బానెట్ మీద కాపురం పెట్టిన మాట నిజం.

మా డాక్టరమ్మ కొత్తగా పోస్టింగు వచ్చిన అమ్మాయి. ఖాళీ బెంచీల వైపు చూసి, "ఏంటండీ డ్రైవరు గారూ, రోగాలన్నీ సెలవు పెట్టాయా?" అంది నవ్వుతూ.

"మీ హస్తవాసి అండి," అన్నాను.

"నేనింకా ఎవరి మీదా చెయ్యి వెయ్యందే హస్తవాసేంటండీ?"

అందరూ సంతోషించారు. నాకు మాత్రం తోచలేదు. పనిలేదన్న బాధ కాదు, ఉన్నట్టుండి గుండెనొప్పులు ఎక్కడికి పోతాయన్నది నా బాధ. జ్వరాలు తగ్గాయంటే అర్థముంది. పాములు కూడా మాస్కులు కట్టుకున్నాయా? చిన్నప్పటి నుంచీ నాకో రోగముంది. ఒక సంగతి అర్థం కాకపోతే తిన్నది అరగదు. పక్కింట్లో గిన్నె కిందపడితే ఏ గిన్నో తెలిసేదాకా మా ఆవిణ్ణి నిద్రపోనిచ్చేవాణ్ణి కాదు.

అడగడం మొదలుపెట్టాను. టీకొట్లో అడిగితే, "మంచిదేగా మావయ్యా, నీకు జీతం ఊరికే వస్తోందిగా," అన్నారు. మెడికల్ షాపాయన మాత్రం ఒక ముక్క చెప్పాడు.

"ఏంటోనండీ, గ్యాస్ బిళ్ళలు మాత్రం తెగ పోతున్నాయి. తెచ్చిన పెట్టె తెచ్చినట్టే అయిపోతోంది. నొప్పులకి రాసుకునే బామూ అంతే."

అంతే, నా బుర్ర పాదరసంలా పనిచేసింది. శ్రావణమాసం, వారవారం పేరంటాలు, ప్రతి ఇంట్లోనూ వాయనం శనగలు. శనగలు తిని ఊరంతా పొట్టలు ఉబ్బుకుని కూర్చుంది! పరుగున వెళ్ళి డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది.

"బాము కూడా అన్నారు కదూ? గ్యాస్‌కి బాము ఎందుకు రాసుకుంటారండీ?"

"ఛాతీకి రాసుకుంటారేమోనండి."

ఆవిడ బెంచీల వైపు మళ్ళీ చూసింది. ఈసారి నవ్వలేదు.

ఇక్కడ మా హెల్త్ సూపర్‌వైజరు గారి గురించి చెప్పాలి. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, పాపిడి తీస్తే స్కేలు పెట్టి తీసినట్టుండేది. ఆయన సర్వీసంతా నీళ్ళ ట్యాంకుల్లో బ్లీచింగ్ వేయించడంలో, మురిక్కాలవల పక్కన సున్నం గీతలు గీయించడంలో గడిచింది. "గీత అంటే గీతలా ఉండాలండి. వంకర్లు పోతే జనం ఏమనుకుంటారు, తాగి గీశారనుకోరూ?" అనేవారు. పుణే కుర్రాణ్ణి నేను తీసుకెళ్ళిన రోజున, వాళ్ళ గుమ్మం ముందు సున్నమూ బ్లీచింగూ కలిపి ఈ చివర నుంచి ఆ చివరకి తెల్లగా, బెత్తెడు వెడల్పున ఒక గీత వేయించారు. ఎంత బాగా వచ్చిందంటే, నేను బండి ఆపి మెచ్చుకున్నాను.

ఆ కుర్రాడి తల్లి నాలుగు రోజులకి ఆసుపత్రికి వచ్చింది. "ఊళ్ళో ఇన్ని ఇళ్ళుండగా మా గుమ్మానికే గీశారేంటండీ? మావాడిది ఉత్త జ్వరమేనని మీరే చెప్పారుగా? ఇప్పుడు మా ఇంటికి పాలబ్బాయి కూడా రావట్లేదు," అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

సూపర్‌వైజరు గారు మెత్తటి మనిషి. ఆ రాత్రి ఆయనకి నిద్రపట్టలేదట. పొద్దున్నే ఒక ఉపాయంతో వచ్చారు. "ఒక్క ఇంటికి వేస్తేనే కదండీ అవమానం? మన అంబులెన్సు ఏ ఇంటికెళ్తే ఆ ఇంటికల్లా వేసేద్దాం. కాలు విరిగినా సరే, కాన్పు అయినా సరే. అందరికీ సమానం. అప్పుడు ఎవరూ బాధపడక్కర్లేదు."

ఎంత న్యాయంగా ఉందో చూడండి. డాక్టరమ్మ తల ఊపింది. నేనైతే చప్పట్లు కొట్టాను. సున్నం డబ్బా నా బండిలోనే, రాయి పక్కన పెట్టాం. ఆ తర్వాత వారం రోజుల్లో వెళ్ళిన నాలుగైదు ఇళ్ళకీ గీతలు పడ్డాయి. ఆ తర్వాతే పిలుపులు ఆగిపోయాయి. ఈ రెండిటికీ సంబంధం ఉందని ఇప్పుడు మీకు తెలిసిపోతోంది. ఆసుపత్రిలో అంతమందిమి ఉండి ఒక్కరికీ తట్టలేదు.

తట్టింది నాకే. నా చురుకుదనం వల్లే తట్టింది. ఒక గురువారం ఏం జరిగిందంటే...

జిల్లా నుంచి పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నారు. మా ప్రాంతంలో ఆఫీసరొస్తే పూతరేకుల డబ్బా చేతికివ్వకుండా పంపడం మర్యాద కాదు. బండి ఎలాగూ ఖాళీయే కనక, నన్ను తెమ్మన్నారు. రేకులు వేసే ఇళ్ళున్న వీధి ఒకటి నాకు తెలుసు. ఆ వీధి మలుపు తిరిగానో లేదో, అరుగు మీదున్న ఆడవాళ్ళు లోపలికి పోయారు. తలుపులు ఒకదాని తర్వాత ఒకటి మూసుకున్నాయి. పెళ్ళిచూపులకి కారొస్తే కిటికీలకి వేలాడే వీధి అది! బండి వెనక్కి తీసి, కాలవ వంతెన దగ్గర పెట్టి, రాయి అడ్డం వేసి, నడిచి వెళ్ళాను. నడిచొస్తే ఎవరూ తలుపు వెయ్యలేదు. "రండి రండి డ్రైవరు గారూ," అన్నారు కూడా. చూశారా, బండంటే భయం, నేనంటే కాదు.

నాకు బాగా పరిచయమున్న ఇల్లది. ఆవిడ నాకంటే కొంచెం పెద్దది, అక్కగారూ అని పిలిచేవాణ్ణి. వీధి మొత్తంలో ఆవిడ వేసినంత పల్చటి రేకు ఎవరూ వెయ్యలేరని పేరు. రేకులేసే గది చూశారో లేదో మీరు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యం పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే పొర వచ్చేస్తుంది. గాలి తగిలితే ఎగిరిపోతుంది కనక ఫ్యాను ఉండదు, కిటికీ తియ్యరు. లోపలికెళ్ళిన మనిషి ఉడికిపోవాల్సిందే. అందుకే ఆవిడకి చెమటలు కారుతున్నాయంటే నాకేమీ అనిపించలేదు.

రేకు చూస్తే అనిపించింది. పల్చగా రావాల్సింది ముద్దలు కడుతోంది. ఆవిడ గుడ్డ లాగి, ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఆగుతోంది. మళ్ళీ లాగుతోంది.

"ఒంట్లో బాగాలేదా అక్కగారూ?"

"ఏం లేదు నాయనా, గ్యాసు. నిన్న శనగలు తిన్నాను," అంది దవడ నొక్కుకుంటూ.

నా సిద్ధాంతం నెగ్గిందని ఒక క్షణం సంతోషించానని చెప్పడానికి సిగ్గుగా ఉంది. తర్వాత గాలిలో బాము వాసన తగిలింది.

"గ్యాసయితే దవడ ఎందుకు లాగుతుందండీ?"

వాకిట్లో రేకులు చుడుతున్న వాళ్ళాయన తలెత్తాడు. నెమ్మదైన మనిషి, రోజుకి నాలుగు మాటలకి మించి మాట్లాడడు. "నిన్నట్నుంచీ అంతేనండి. చెయ్యి కూడా లాగుతోందంటోంది. చెబితే వినదు," అన్నాడు.

"బండి వంతెన దగ్గరే ఉందండి. అయిదు నిమిషాల్లో తెస్తాను. ఆసుపత్రికెళ్ళి..."

ఆవిడ చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని నావైపు తిరిగింది. "నీ బండి ఈ వీధిలోకి వచ్చిందంటే చూడు తమ్ముడూ, మర్యాదగా ఉండదు."

"అదేంటండీ?"

"అదేంటంటావేంటి? వచ్చి మా వాకిట్లో ఆ తెల్ల గీత గీసి పోతారు. ఎదురింటి ముసలాయన నూతి దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మీరొచ్చి తీసుకెళ్ళారు, గీత గీశారు. ఆయనకొచ్చింది పందుల జ్వరమా? ఆ శుక్రవారం ఆ కోడలు వరలక్ష్మీ వ్రతం చేసుకుంటే పేరంటానికి ఒక్కరూ రాలేదు. నానబోసిన శనగలు గేదెకి పెట్టింది పాపం. వాళ్ళంటే వ్యవసాయదారులు. మేమేమో నలుగురూ నోట్లో పెట్టుకునేది అమ్ముకునేవాళ్ళం. మా గుమ్మానికి గీత పడితే మా రేకు ఎవడు తింటాడు? మా ఒక్కళ్ళదే కాదు, ఈ వీధిలో రేకే ఎవడూ కొనడు. కొవ్వూరు పెళ్ళివాళ్ళ ఆటో ఇంకాసేపట్లో వస్తుంది. అయ్యాక చూద్దాంలే."

అదిగో, అప్పుడు నాకు తెలిసింది. నా చురుకుదనం వల్ల తెలిసిందన్నాను కదా, చూశారుగా, ఆవిడ మొహం మీద కొట్టినట్టు చెబితే తెలిసింది. ఆ నెలంతా గుండెనొప్పులు ఎక్కడికీ పోలేదు. తలుపులేసుకుని, బాము రాసుకుని, గ్యాస్ బిళ్ళ మింగి ఇళ్ళల్లోనే కూర్చున్నాయి.

నా దగ్గరున్న విద్యంతా వాడాను. "మీరిప్పుడు మెల్లిగా వచ్చేస్తే బండి వీధిలోకి రాదండి. ఇక్కడే పడిపోయారనుకోండి, రెండు బళ్ళొస్తాయి, గీత కాదు, ఇల్లంతా పిండి చల్లినట్టు సున్నం చల్లుతారు," అన్నాను. అందులో ఒక్క ముక్క నిజం లేదు. ఆవిడ, "చల్లుకోండి, పైన నెయ్యి కూడా వెయ్యండి," అని గుడ్డ పిండిలో ముంచింది.

అప్పుడు లేచాను. పక్కనున్న చెంబుతో నీళ్ళు తీసుకుని ఆ మండుతున్న కుండ మీద గుమ్మరించాను. సుయ్యిమని ఆవిరి లేచి కుండ పటుక్కున పగిలింది.

అరుగుల మీద ఈ కథ చెప్పినప్పుడల్లా ఇలాగే చెబుతాను. ఇది పుస్తకం కనక నిజం రాస్తున్నాను. నేను గోడకి అంటుకుపోయి నిలబడ్డాను. లేచింది వాళ్ళాయన. చేతిలో సగం చుట్టిన రేకు పక్కన పెట్టి, చేతులు పంచెకి తుడుచుకుని, చెంబు తీసుకుని వచ్చాడు. పొర అంటుకోకుండా రేకుల కుండని అదనుకి తేవడానికి ఎన్నాళ్ళు పడుతుందో, అలాంటి కుండ పోతే ఆ ఇంట్లో ఎంత నష్టమో తెలిసినవాడు. ఆర్డరు మధ్యలో దాని మీద చన్నీళ్ళు పోశాడు. ఆవిరి లేచింది, కుండ నిజంగానే పగిలింది.

"ఇంకేం వేస్తావు?" అన్నాడు. "లే."

ఆవిడ నోరు తెరుచుకుని కుండ వైపు చూసింది. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆ మనిషి ఇలాంటి పని చేస్తాడని అనుకోలేదనుకుంటాను. లేచింది.

అప్పటికే కొవ్వూరు ఆటో వచ్చింది. అయిన డబ్బాలు అందులో పెట్టి, మధ్యలో ఆవిణ్ణి కూర్చోబెట్టి, ఒళ్ళో ఒక డబ్బా పెట్టాం. అంతసేపూ రేకులు వేసిన మనిషిని ఇప్పుడు అడుగు తీసి అడుగు వెయ్యనివ్వకుండా నేనూ ఆయనా ఎత్తినట్టే తెచ్చి ఎక్కించాం. పక్కింటి అరుగు మీంచి ఎవరో, "ఎక్కడికి వదినా, ఆటో ఎక్కావు?" అని కేకేశారు.

మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా నవ్వింది ఆ మహాతల్లి. "కొవ్వూరు పెళ్ళికే! సరుకు దగ్గరుండి దింపమన్నారు!"

వంతెన దగ్గర బండిలోకి మార్చాం. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఈసీజీ తీసి, ఆ కాగితం చూస్తూనే నర్సుని కేకేసి ఏవో బిళ్ళలు నమిలించింది. తను కూడా బండెక్కి వెనక కూర్చుంది. "రాజమండ్రి పోనివ్వండి. ఎక్కడా ఆపకండి," అంది.

అక్కణ్ణుంచి గాలిలో తేలిపోయామని రాయాలని ఉంది. బొబ్బర్లంక దాటాక గడ్డి ట్రాక్టరు ఒకటి ముందు దొరికింది. బ్యారేజీ మీద దాన్ని దాటే చోటు లేదు. సైరన్ వేస్తే వెనక నుంచి ఆవిడ, "ఆపవయ్యా ఆ గోల, మనూరి వాళ్ళెవరైనా వింటారు!" అని కసిరింది. ఊరు ఎప్పుడో దాటిపోయామండీ అన్నా వినలేదు. ఆపకుండా మొగుణ్ణి తిడుతోంది. "ఎన్నాళ్ళ కుండ అది! మా అత్తగారు చూపించిన పద్ధతిలో అదను పెట్టుకున్నాను. బుద్ధున్న మనిషెవడైనా నీళ్ళు పోస్తాడా?" ఆయన పక్కన కూర్చుని, "ఇంకోటి కొందాంలే," అంటున్నాడు.

సగం బ్యారేజీ దాటాక తిట్లు ఆగిపోయాయి.

అన్నేళ్ళు బండి నడిపినా అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు. గడ్డి ట్రాక్టరు వెనక భాగం తప్ప ఏమీ కనపడట్లేదు. వెనక్కి తిరగలేను. డాక్టరమ్మ గొంతు వినిపించింది, "అమ్మా, పడుకోకండి. మాట్లాడండి. డ్రైవరు గారూ, ఏదో ఒకటి మాట్లాడించండి!"

"అక్కగారూ," అని అరిచాను. "ఆ కుండ పాడైపోయినా పర్లేదులెండి! అలాంటివి సంతలో బోల్డు దొరుకుతాయి!"

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత సన్నగా, "సంతలో... నీ మొహం... సంతలో దొరుకుతుందా అది..."

నా ప్రాణం లేచొచ్చింది. ధవళేశ్వరం దాకా ఆ కుండని తిడుతూనే ఉన్నాను, ఆవిడ నన్ను తిడుతూనే ఉంది. ట్రాక్టరు పక్కకి తిరిగాక మాత్రం బండి నిజంగానే పరిగెత్తించాను. ఇది నమ్మండి.

రాజమండ్రి డాక్టరు మొదట అడిగిన మాట, "నొప్పి ఎప్పుడు మొదలైంది?"

"పొద్దున్నండి," అన్నాడు వాళ్ళాయన, భయపడి.

ఆవిడ స్ట్రెచర్ మీంచే, "అబద్ధాలు చెప్పకండి. నిన్న దీపాలు పెట్టే వేళకే మొదలైంది," అంది.

ఆ డాక్టరు మా డాక్టరమ్మ వైపు చూశాడు. ఇంజక్షన్లు అయ్యాయి, రాత్రి గడిచింది. ప్రాణానికి భయం లేదన్నారు. నొప్పి మొదలైన సాయంత్రమే తెచ్చి ఉంటే గుండె చాలావరకు దక్కేదనీ, ఇప్పుడు కొంత భాగం ఇక పనిచెయ్యదనీ కూడా అన్నారు. ఆ తర్వాత ఆవిడ మంట ముందు కూర్చోలేకపోయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. గది బయట స్టూలు వేసుకుని కోడలికి రేకు నేర్పేది. కోడలి రేకు బాగానే ఉండేది. ఆవిడ రేకు కాదు.

తిరిగొచ్చాక డాక్టరమ్మ సూపర్‌వైజరు గారిని గదిలోకి పిలిచి జరిగింది చెప్పింది. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను, నన్ను బయటికి పొమ్మనే ధైర్యం ఎవరికీ లేదు. ఆయన జేబులో పెన్నులు సర్దుకున్నారు.

"అందరికీ సమానంగా వేద్దామనే కదండీ," అన్నారు.

"నేనూ తల ఊపాను కదండీ," అంది డాక్టరమ్మ.

సున్నం డబ్బా నా బండిలోంచి ఆయనే దించి స్టోరులో పెట్టారు. గీతలున్న ఇళ్ళకి బకెట్టుతో వెళ్ళి తనే కడిగారు. కడిగితే పోయేది సున్నమే. ఆ ఇళ్ళకి పేరంటాళ్ళు ఎలా వస్తారు? దానికి కూడా ఆయనకే ఉపాయం తట్టింది. తర్వాతి శుక్రవారం వాళ్ళావిడకి పట్టుచీర కట్టించి గీత పడ్డ ప్రతి ఇంటికీ స్వయంగా తీసుకెళ్ళారు. ఆవిడ ప్రతిచోటా పసుపు రాయించుకుని, తాంబూలం తీసుకుని, వీధిలో అందరూ చూస్తుండగా అరుగు మీద కూర్చుని శనగలు తింది. ఎదురింటి కోడలు మళ్ళీ శనగలు నానబోసిందట. హెల్త్ సూపర్‌వైజరు భార్యే తింటుంటే ఇక భయమేంటని ఒకరిద్దరు కదిలారు. ఆ పై వారం ఇంకొందరు. సోమవారం ఆయన ఆఫీసుకొచ్చి, "మా ఆవిడకి నిజంగానే గ్యాసు పట్టుకుందండీ," అన్నారు. చాలా రోజుల తర్వాత అందరం నవ్వాం.

పిలుపులు మెల్లిగా మొదలయ్యాయి. మొదట ఓ కాన్పు, తర్వాత పాము కాటు. బానెట్ మీది పిల్లి ఇల్లు ఖాళీ చేసింది. మేం తప్పు చేశాం, తెలుసుకున్నాం, దిద్దుకున్నాం అనుకున్నాను. ఎక్కడికెళ్ళినా ఈ కథ చెప్పడం, కుండ నేనే పగలగొట్టాననడం అప్పుడే అలవాటైంది.

కార్తీకంలో ఒక పొద్దున్న, మాకు దూరంగా లంకల వైపు ఉండే ఓ ఊళ్ళో టీకొట్టు దగ్గర బండి ఆపాను. కాన్పు మనిషిని దింపి వస్తున్నాను. బెంచీ మీద ఒక రైతు, నా ఈడువాడే, టీ తాగుతున్నాడు. బండి వైపు చూశాడు, నావైపు చూశాడు.

"ఇప్పుడూ ఆ తెల్ల గీతలు వేస్తున్నారాండీ?"

"లేదండి, ఎప్పుడో మానేశాం," అన్నాను హుషారుగా. కథ మొదలుపెట్టడానికి గొంతు కూడా సవరించుకున్నాను.

"ఎప్పుడు మానేశారండీ?"

"శ్రావణం వెళ్ళకుండానే మానేశామండి."

ఆయన గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని లోపలికి చూస్తూ కూర్చున్నాడు. "ఆయ్," అన్నాడు. "మాకు దసరా దాకా తెలీదండి. ఎవరూ చెప్పలేదు."

మేం గీతలు వేస్తున్నామన్న మాట ఊరూరా పాకింది. మానేశామని ఏ ఊరికీ వెళ్ళి చెప్పలేదు. ఆ ఆలోచన అసలు రాలేదు. గీతలు పడ్డ ఇళ్ళకి వెళ్ళాం, కడిగాం, శనగలు తిన్నాం. పని అయిపోయిందనుకున్నాం.

ఆయన టీ పూర్తిగా తాగి, గ్లాసు బల్ల మీద నెమ్మదిగా పెట్టి, "వస్తానండి," అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఊళ్ళో ఎవరింట్లో గిన్నె పడ్డా అడిగి తెలుసుకునేవాణ్ణి. అప్పుడు మాత్రం దసరాలోగా బండి పిలవక ఆ ఇంట్లో ఎవరికి ఏమైందని నేను అడగలేదు.